గరిటెమ్మ మార్చిన నూనె

బస్సు డిపో క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడను డ్రైవర్లంతా గరిటెమ్మ అనేవారు. కూర బాగాలేదని ఎవరైనా అంటే చేతిలో గరిటెతోనే బయటికి వచ్చేది మరి. ఆ మాట అనే ధైర్యం ఏడాదికి ఒకరిద్దరికి మించి ఉండేది కాదు.

ఆ ఏడు డిపోలో అందరికీ రక్తపరీక్షలు చేశారు. వారం తిరక్కుండానే డిపో డాక్టరమ్మ వంటగదిలోకి వచ్చి, పొయ్యి పక్కనున్న డబ్బా మూత తీసింది. లోపల తెల్లగా గడ్డకట్టిన వనస్పతి.

"వేపుళ్ళన్నీ దీంతోనేనా?"

"దీంతోనే. ఏం?"

"నూట ఇరవై మందిలో యాభై మందికి చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది. అంతా మీ వంట వల్లేనని అనను. రోజంతా కూర్చునే ఉద్యోగం, సిగరెట్లు, వయసు. కానీ వీళ్ళు రెండు పూటలా తినేది ఇక్కడే కదమ్మా."

గరిటెమ్మ డబ్బా మూత పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే తనే డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

"ఏం వాడాలో చెప్పండి. తిట్లు తర్వాత తింటాను."

డాక్టరమ్మ నవ్వి కుర్చీ చూపించింది. "గడ్డకట్టే కొవ్వు మానేసి దాని బదులు గింజల నూనె వాడండి. పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ, ఏదైనా సరే. అలా మారిస్తే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మంచిది కదా అని ధారగా మాత్రం పొయ్యకండి. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచకండి."

మొదటి వారం డిపో అంతా గగ్గోలు పెట్టింది. అందరికన్నా పెద్ద గొంతు బ్రేకు బాబాయిది. ముప్పై ఏళ్ళుగా ఒక్క ప్రమాదం కూడా చెయ్యని పెద్ద డ్రైవరు ఆయన.

"ఏంటమ్మా ఇది, ఆసుపత్రి తిండి!"

ఆవిడ గరిటె ఎత్తలేదు. కూర చప్పబడిందన్న మాట నిజమని ఆవిడకూ తెలుసు. కొత్త నూనెకు ఎంత మంట కావాలో, ఉప్పు ఎప్పుడు పడాలో నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. మాడిపోయినవన్నీ తనే తింది.

నాలుగో వారం ఒకరోజు బంగాళాదుంపల వేపుడు రెండు మూకుళ్ళలో చేసి, రెండు పళ్ళేలు బాబాయి ముందు పెట్టింది. "ఒకటి పాతది, ఒకటి కొత్తది. చెప్పు చూద్దాం."

ఆయన రెండూ రుచి చూసి, కుడి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. "ఇదీ వేపుడంటే! పాత సరుకు పాత సరుకే!"

"అది గింజల నూనె బాబాయ్. నువ్వు తోసేసిందే పాతది."

క్యాంటీన్ ఘొల్లుమంది. "నా నాలికే నాకు ద్రోహం చేసిందే" అంటూ బాబాయి పళ్ళెం ఖాళీ చేశాడు. ఆ తర్వాత ఎవరూ నూనె ఊసెత్తలేదు.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ పరీక్షలు చేశారు. యాభై మందిలో ముప్పై ఒక్కమందికి తగ్గింది. బాబాయికి నూట డెబ్భై రెండు ఉన్నది నూట నలభై ఒకటికి దిగింది. మిగతావాళ్ళలో పెద్ద మెకానిక్కుకైతే ఒక్క అంకె కూడా కదల్లేదు. అది వాళ్ళ వంశంలోనే ఉందని డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. గరిటెమ్మకు అందరికన్నా అతని గురించే బెంగ. ఆ రోజు నుంచి అతని పళ్ళెం నూనె తగ్గించి విడిగా వడ్డించేది.

పరీక్షల కాగితాలు గోడకు అంటించాక బాబాయి ఆవిడ్ని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. "చూసుకో. ఇవి మా రక్తాలే గానీ, మార్కులు నీవి."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అంది. ఎవరూ నమ్మలేదు.

పై నెలలో మిగతా డిపోల వంటవాళ్ళకు కొత్త నూనెతో వంట నేర్పమని ఆవిడ్ని పెద్దాఫీసుకు పిలిపించి, ముందు ఒక పొయ్యి, మూకుడు పెట్టారు. పెద్దాఫీసరు "ఏం చదువుకున్నారమ్మా?" అని అడిగాడు.

"అయిదో తరగతండీ. పళ్ళెంలో ఏం మిగిలిందో చూసి మనిషి సంగతి చెప్పడంలో మాత్రం పెద్ద చదువే చదివాను."

వెనక వరుసలోంచి ఒక వంటాయన లేచాడు. "నూనె కాగిందని ఎలా తెలుస్తుందక్కా?"

గరిటెమ్మ తల ఎత్తుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. "దగ్గరికి రండి, చూపిస్తాను."