తలుపు మూసిన గదిలో జాన్‌బీ

"నాన్నా, ఏకుడు విల్లుతో మనుషుల్ని ఎలా కొట్టాలి?" అని సిద్దికా అడిగింది.

"కొట్టేది కాదది. దూది ఏకేది."

నేను పరుపులు కుట్టేవాణ్ణి. యంత్రాలు వచ్చేదాకా విల్లు భుజాన వేసుకుని గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. నా కూతురు ఇంజనీరింగు రెండో ఏడు. ఆదివారాలు బ్రాడీపేటలో స్నేహితులతో ఒక ఆట ఆడుతుంది. కాగితం మీద ఒక్కొక్కరూ ఒక మనిషిని రాసుకుంటారు. ఆ మనిషి ఏం చేస్తాడో నోటితో చెబుతారు. జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మిగతావాళ్ళు కత్తిగాళ్ళనీ మంత్రగాళ్ళనీ రాసుకున్నారు. ఇది దూదేకులామెను రాసుకుంది.

కాగితం చూపించింది. పేరు దగ్గర జాన్‌బీ అని ఉంది.

అది దాని తల్లి పేరు. ఊపిరాడక పోయి మూడేళ్ళయింది.

"ఆ పేరు తప్ప దొరకలేదా?"

"దొరకలేదు. ప్రాణం మూడు పాయింట్లే మిగిలింది. రేపు దొంగలతో పోరు. చస్తే కాగితం చింపేస్తారు. అది రూలు."

చింపనీ అన్నాను. నా పరుపుల దుకాణం దాకా నడిచి, తాళం తియ్యకుండానే తిరిగొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. రెండోసారి తిరిగొచ్చి చెప్పాను.

"వాళ్ళని గదిలోకి రానిచ్చి తలుపు మూసెయ్. దూది ఏకు. నూగు లేస్తుంది. అలవాటు లేనివాడు నిలబడి దగ్గుతాడు. దగ్గేవాడు కత్తి ఎత్తలేడు."

"కారం చల్లితే పోలా?"

"కారం కళ్ళకి. నూగు ఊపిరికి."

జాన్‌బీ వెంట ఏమేం ఉండాలో చెప్పమంది. విల్లు, నారి, కొట్టే కొయ్య, సూది, దారం, బస్తా దూది. నేను చెప్పిందల్లా రాసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం స్కూటర్ మీద దింపి వచ్చేద్దామని వెళ్ళాను. రాలేకపోయాను. మేడమీద గదిలో గుమ్మం పక్కన కుర్చీ వేశారు. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను.

ఆట నడిపేవాడు చైతన్యకృష్ణ. కత్తిగాణ్ణి ఆడేవాడు ముస్తాక్.

"ఏం సిద్దికా, ఇవాళ దొంగలకి పరుపులు కుడతావా?" అన్నాడు ముస్తాక్.

"ముందు నువ్వేగా పడేది. నీకే కుడతా."

ఆటలో అయిదుగురు దొంగలు గోదాములోకి వచ్చారు. జాన్‌బీ లోపలుంది. ముస్తాక్ కత్తిగాడు బయట మెట్ల మీద ఉన్నాడు. సిద్దికా తలుపు మూసి దూది ఏకుతున్నానంది. చైతన్యకృష్ణ రూల్సున్న జెరాక్సు పుస్తకం తిరగేశాడు. అలాంటిది అందులో లేదు.

"సరే. దొంగలందరికీ పాచిక వేస్తా. పదికి తక్కువ పడినవాడు దగ్గుతూ కూలిపోతాడు."

రెండు విడతలు పాచిక వేసేసరికి ముగ్గురు కూలారు. ముస్తాక్ నవ్వు ఆపాడు.

"ఆగు. జాన్‌బీ కూడా ఆ గదిలోనేగా ఉంది?" అన్నాడు చైతన్యకృష్ణ. "ముక్కుకి గుడ్డ ఉందా?"

సిద్దికా కాగితం చూసింది. గుడ్డ లేదు.

"అయితే తనకీ వెయ్యాలి. పదికి తక్కువైతే రెండు పాయింట్లు పోతాయి."

వేసింది. ఆరు. మూడు పాయింట్లలో రెండు పోయాయి.

గాలికి దూది ఎగురుతుందని మేం మొగుడూ పెళ్ళాలం తలుపులు మూసే ఏకేవాళ్ళం. పదహారేళ్ళు. నా ముక్కుకి తువ్వాలు ఉండేది. జాన్‌బీ ఒకసారి ముక్కుకి పైట చుట్టుకుంది. చేతికి అడ్డం పడుతోంది, తియ్యమన్నాను. తీసింది. పని త్వరగా తెమిలింది.

"ఇంకొక్క విడతలో ఆ ఇద్దరూ పడిపోతారు. ఏకు," అన్నాడు ముస్తాక్.

సిద్దికా పాచిక తీసుకుంది. నా వైపు చూసింది. నేను లేచి నిలబడే ఉన్నాను.

"తలుపు తియ్యి," అన్నాను.

"తీస్తే వాళ్ళు బయటికొచ్చేస్తారంకుల్," అన్నాడు ముస్తాక్.

"రానీ. బయట నువ్వున్నావుగా. కత్తి ఎందుకు నీకు, బీరకాయలు తరగడానికా?"

సిద్దికా తలుపు తీశానంది. దొంగలు బయటపడ్డారు. ముస్తాక్ ఒకణ్ణి నరికాడు. రెండోవాడు ముస్తాక్ కత్తిగాణ్ణి పొడిచి పారిపోయాడు. ముస్తాక్ కాగితం అక్కడే చింపారు. వాడు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె.

ఒక్క పాయింటుతో జాన్‌బీ బతికింది.

స్కూటర్ దగ్గర సిద్దికా కాగితాన్ని సీటు మీద పరిచింది. సామాన్ల చివర 'ముక్కుకి గుడ్డ' అని రాసింది.

"ఇప్పుడెందుకు?" అన్నాను.

"వచ్చే ఆదివారానికి."

జాబితా చెప్పింది నేనే, గుడ్డ మరిచిందీ నేనే. అది దానికి తెలుసు.  ఇల్లు చేరేలోపు వెనక సీటు మీద నుంచి తల్లి గురించి ఏమన్నా అంటుందేమోనని రెండుసార్లు బండి నెమ్మది చేశాను.