పైవీధిలో చెప్పని మాట

నారికురుపు సంగతి చెప్పడానికి ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు నేరుగా మాదిగపల్లెకే వచ్చాడు. అప్పటి రాజధాని కర్నూలు పట్టుమని పదిహేను మైళ్ళు లేదు. అయినా ఆ ఊరికి సర్కారు మాట వచ్చేది ఎండాకాలంలోనే, గొంతులు ఎండిపోయాకనే.

ఆయన బండమీద నిలబడి, పురుగు బొమ్మ వేసిన పటం విప్పి, ఓపిగ్గానే చెప్పాడు. కురుపున్న కాళ్ళతో దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లలు నీళ్ళలో పడతాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాళ్ళలోంచి పురుగు బయటికొస్తుంది. కాబట్టి నీళ్ళలో కాళ్ళు పెట్టకండి, గుడ్డతో వడగట్టి తాగండి అన్నాడు.

ముందు వరసలో కంబన్న పెండ్లాం జ్ఞానమణి కాలు చాపుకుని కూర్చుంది. ఆమె పిక్కలోంచి వచ్చిన పురుగును పుల్లకు చుట్టి దినానికి కొంచెం లాగుతున్నారు. అది తెగి కాలు చీముపడితే కూలి పోతుంది, కూలి పోతే పొయ్యి ఆరిపోతుంది.

"నీళ్ళలో కాళ్ళు పెట్టద్దంటావా నాయనా?" అని ముసలి హంపమ్మ బోసినోటితో నవ్వింది. "పైవీదోళ్ళు మమ్మల్ని మెట్టు దిగనిస్తే గదా! గట్టుమింద కడవ పెట్టుకోని అమ్మా తల్లీ అని దేవురిస్తాంటే, వాళ్ళు కాళ్ళు కడుక్కున్న నీళ్ళే మాకి పోస్తారు."

"పెద్దోళ్ళ కాళ్ళు గదవ్వా, తీర్తమనుకోని తాగు" అన్నాడు వెనకనుంచి చిన్న ఈరన్న. పల్లె అంతా గొల్లుమంది.

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "ఇప్పుడు చట్టం వచ్చిందమ్మా. ఎవరైనా దిగి ముంచుకోవచ్చు. అడ్డం వచ్చినవాళ్ళకు జైలు."

కంబన్న లేచాడు. ఊరికి చాటింపు వేసే వెట్టి అతను. శిస్తయినా, కలరా సూదులైనా, ఓట్లయినా ఆ ఊరికి తెలిసేది అతని తప్పెట మోగితేనే.

"శానా మంచి మాట సారూ. ఆ జైలు మాట పోయి పైవీదిలో చెప్పు. మేమెవురికీ అడ్డం పోతాండ్లేదు."

"అక్కడ చెప్పే పని లేదన్నాడు కరణం. పెద్దమనుషులు, వాళ్ళకన్నీ తెలుసట" అని పటం చుట్టుకుని, ఇన్‌స్పెక్టరు భోజనానికి ఊరిపెద్ద ఓబుల్‌రెడ్డి ఇంటికి పోయాడు.

కంబన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలిసీ తాపుతాండారా, ఈ పురుగుల నీళ్ళు? చంకకు తప్పెట, చేతికి కడవ తీసుకున్నాడు. జ్ఞానమణి "వద్దయ్యా, వెట్టికిచ్చిన మాన్యం పెరుక్కుంటారు" అని అరుస్తున్నా ఆగలేదు.

దిగుడుబావి పైవీధిలో, ఓబుల్‌రెడ్డి ఇంటి ఎదురుగానే ఉంది. గట్టున నిలబడి తప్పెట కొట్టాడు. తప్పెట మోగితే కొట్టేవాడెవడని ఎవరూ చూడరు, ఆగి వింటారు. అరుగులమీది మగవాళ్ళూ, బావిలో మోకాళ్ళలోతు దిగిన ఆడవాళ్ళూ అట్లాగే ఆగిపోయారు.

"సర్కారువారి మాట ఇనండప్పా! ఈ బాయిలో ఎవురైనా ముంచుకోవచ్చు! మాదిగోళ్ళయినా ముంచుకోవచ్చు! అడ్డమొచ్చినోళ్ళకి జైలు!"

ఓబుల్‌రెడ్డి గుమ్మం దాటి వచ్చాడు. "ఎవుడు చెప్పమన్యాడ్రా కంబా?"

"నీ ఇంట్లో సంగటి తింటాన్నాడే, ఆ సారు. పిల్చి అడుగు రెడ్డీ."

ఇన్‌స్పెక్టరు ఎంగిలిచేత్తో బయటికొచ్చాడు. ఊరు ఊరంతా ఆయన నోరే చూసింది.

"చట్టమంటే... ఉంది. కానీ మంచిమాటతో, మెల్లమెల్లగా..." అని నీళ్ళు నమిలాడు.

"మెల్లగానా? మా ఇంటిదాని కాల్లో పురుగు మెల్లగానే వస్తాండాది సారూ, రా, చూద్దువుగాని! మాకాడ జైలంటివి, ఈడికొస్తే మంచిమాటా? పోవద్దు, ఆడ్నే నిలబడు. నేను నీళ్ళు తెచ్చేదాకా కదిలినావంటే ఒట్టు!"

సర్కారు మనిషి ఎదురుగా ఉండగా చెయ్యెత్తడానికి రెడ్డికి ధైర్యం చాలలేదు. పండ్లు మాత్రం పటపట కొరికాడు. కంబన్న మెట్లు దిగాడు. జన్మలో మొదటిసారి. కిందున్న ఆడవాళ్ళు గోడకు ఒదిగారు.

"కాళ్ళు తియ్యండమ్మా నీళ్ళలోంచి! మీకూ పుడతాయి పురుగులు, మీ బిడ్డలకూ పుడతాయి!"

ఒకరిద్దరు తీశారు. అతను ఆఖరి పొడి మెట్టుమీద గొంతుక్కూర్చుని, కాలు తడవకుండా కడవ ముంచుకుని పైకొచ్చాడు.

"ఈ సారు రేపుండడ్రా" అన్నాడు ఓబుల్‌రెడ్డి, గొంతు తగ్గించి. "మాన్యం సంగతి రేపు చూస్తా."

"చూసుకో రెడ్డీ. ఒక్క కడవ మాకి సాలదు. రేపు తెల్లారినాక మళ్ళా వస్తా."

కంబన్న తలమీద కడవ పెట్టుకుని పల్లెదారి పట్టాడు. ఇన్‌స్పెక్టరు చేతిమీద ఎంగిలి ఎండిపోయింది. చెయ్యి కడుక్కోను నీళ్ళిమ్మని అడగడానికి కూడా ఆయనకు నోరు రాలేదు.