తొమ్మిదో నంబరు మీద ఎర్రచుక్క

చిత్రకారుల సంఘానికి ఆమె సెక్రటరీ అయింది బొమ్మలు వెయ్యడం వచ్చి కాదు. ఆ పదవి ఎవరికి అంటగట్టాలా అని సభ్యులంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న సమయంలో ఆమె కళ్లజోడు తుడుచుకోవడానికి తల వంచింది. ఒప్పుకుందనుకుని చప్పట్లు కొట్టేశారు. అప్పటినుంచి అందరికీ సెక్రటరమ్మ.

పగలు ఆమె పని కళ్లజోళ్ల దుకాణంలో. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, ముందుది బాగుందా" అని అడుగుతుంది. సాయంత్రం సంఘం పని. సంఘమంటే సైకిల్ రిపేరు షాపు పైన రెండు గదులు. పెద్ద గదిలో ప్రదర్శనలు, చిన్న గదిలో బొమ్మలు నిలబెట్టే ఈజిళ్లు, విరిగినవి. నెలకోసారి 'వార్తలు, రాబోయే ప్రదర్శనలు' అని నాలుగు పేజీల పత్రిక వేసి లైబ్రరీలోనూ, పోస్టాఫీసులోనూ, తన దుకాణంలోనూ పెడుతుంది. వార్తలంటే ఏముంటాయి? నీటిరంగుల తరగతి బుధవారానికి మారింది, మేడమెట్లకు కొత్త కమ్మీ వేశారు, ఎవరో గొడుగు మర్చిపోయారు. ఆ గొడుగు వరసగా కొన్ని నెలలు వార్తలకెక్కింది. సభ్యుల్లో చాలామందికి అంత పేరు రాలేదు.

పేరు రానివాళ్లలో మొదటివాడు ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు. బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె "బావా" అని పిలవడం విని సంఘమంతా ఆయన్ని డిపో బావగారు అనడం మొదలుపెట్టింది. ఆయనకంటే పెద్దవాళ్లు కూడా. ఏటా వార్షిక ప్రదర్శనకు ఒక బొమ్మ ఇస్తాడు, ఏటా దాన్ని అలాగే చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు. ఇంట్లో మంచాల కింద, బీరువా వెనక, తలుపు వారన, ఎక్కడ చూసినా బస్సులే.

ఈ ఏడాది బొమ్మలో బస్సు కూడా లేదు. తెల్లవారుజామున బస్సులన్నీ కడిగి బయటికి పంపేశాక మిగిలిన ఖాళీ ఆవరణ. సిమెంటు నేల, గోడ, గోడకు చుట్టి వేలాడదీసిన నీళ్ల పైపు. కుడిచేతి మూల నేల మీద కాస్త నల్లగా, కాస్త మెరుస్తూ ఉన్న చోటు. ఆ మూల కోసం ఆయన ఒక వేసవంతా రంగు పూసి గీకి, గీకి పూసి, అక్క చేత నానా తిట్లూ తిన్నాడు. తీరా సంఘం అధ్యక్షుడైన డ్రాయింగు మాస్టారు చూసి, "అంతా బాగానే ఉందండీ, ఆ మూల మరక ఒకటీ కప్పేయండి" అన్నాడు. బావ కప్పలేదు. కానీ మొహం మాత్రం చిన్నబోయింది.

సంఘంలో అమ్ముడైన బొమ్మ నంబరు చీటీ మీద ఎర్రచుక్క అంటిస్తారు. చుక్క పడ్డ బొమ్మ జోలికి ఇంకెవరూ వెళ్లరు. కొన్నవాళ్లు ఆఖరిరోజు వచ్చి పట్టుకెళతారు. ఇంకో రివాజు కూడా ఉంది. మొదటిసారి చుక్క పడిన సభ్యుడికి ఆ పై నెల చిన్న గది ఒక వారం సొంతం. ఈజిళ్లన్నీ మెట్ల కిందికి చేరతాయి, ఆ గోడలన్నీ ఆయన బొమ్మలకే. పత్రికలో పెద్ద అక్షరాలతో ప్రకటన. డిపో బావగారు ఆ గది కొలతలు ఎన్నిసార్లు తీసుకున్నాడో లెక్కలేదు.

ప్రదర్శన చివరి వారంలో అక్క ఫోన్ చేసింది.

"నీ బావ కుంచెలు మూట కడుతున్నాడే. ఈసారీ చుక్క పడకపోతే ఎవరికో ఇచ్చేస్తాడట."

"పోనీలేవే. ఇల్లంతా బొమ్మలే, అడ్డంగా నడవాల్సొస్తోందని గోల పెట్టేదానివి నువ్వేగా?"

"ఇల్లు ఖాళీ అవుద్ది, దాంతోపాటు మనిషీ ఖాళీ అయిపోతాడే. రిటైరైన కొత్తలో చూశావుగా? పొద్దున లేచింది మొదలు నా కొంగు పట్టుకు తిరుగుతూ, గిన్నెలు ఏ వరసలో తోమాలో నాకు చెప్పేవాడు. ఆ రోజులు మళ్లీ నావల్ల కాదమ్మా."

నవ్వుతూనే అంది గానీ, చివర్లో ముక్కు చీదుకుంది. అక్క ఏడవడం సెక్రటరమ్మ చాలా తక్కువసార్లు విన్నది. మర్నాడు పొద్దున, తలుపులు తియ్యకముందే, సొరుగులోంచి చుక్కల కాగితం తీసి, అటూ ఇటూ చూసి, బావ బొమ్మ కింద ఉన్న తొమ్మిదో నంబరు చీటీ మీద ఒకటి అంటించేసింది. వెల తను సర్దుకోవచ్చు, బొమ్మను దుకాణంలో ఖాళీ అట్టపెట్టెల వెనక దాచొచ్చు అనుకుంది. దొంగ లెక్కలు ఎప్పుడూ అంత సులువుగానే తోస్తాయి.

బావ వచ్చాడు. ఎప్పటిలా గోడ వెంట నడుస్తూ, తన బొమ్మ దాటి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చాడు. చీటీ మీద వేలు పెట్టి చూశాడు, తడి రంగేమోనన్నట్టు.

"అమ్మాయ్, ఎవరు?"

"పేరు చెప్పొద్దన్నారు బావా."

"మంచి మనిషే అయ్యుంటాడు," అన్నాడు బావ. ఆ రోజంతా ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. కింద సైకిల్ షాపులో అందరికీ టీ ఇప్పించాడు. మాస్టారు వచ్చి చెయ్యి కలిపి, "చిన్న గది మీదేనండీ ఇక" అన్నాడు. రివాజు సంగతి సెక్రటరమ్మ బుర్రకు అప్పటిదాకా తట్టనేలేదు.

ఆఖరిరోజు మధ్యాహ్నం బావ అక్కను తీసుకురావడానికి ఇంటికి వెళ్లాడు. చుక్కను చూపించాలట. పెద్ద గదిలో జనం పలచబడ్డారు. అప్పుడు ఒకావిడ వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, ముక్కు మీద రెండు చూపుల కళ్లజోడు. చెవి దగ్గర వదులై ఊరికే జారుతోంది. ఇలాంటివి సెక్రటరమ్మ కంటికి ముందు పడతాయి. ఆవిడ గోడ వెంట బజార్లో ధరలు చూసుకుంటూ పోయేదానిలా నడిచి, తొమ్మిదో నంబరు ముందు ఆగింది.

ఆగి, కదల్లేదు. కళ్లజోడు తీసి దగ్గరగా చూసింది, పెట్టుకుని దూరం నుంచి చూసింది. మళ్లీ ముందుకు ఒక అడుగు వేయబోయి, ఎందుకో చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది. తీసుకున్నాక తనకే నవ్వొచ్చింది.

"చూశారా," అంది సెక్రటరమ్మతో, "ఇంకా తడి ఆరలేదు. అడుగేస్తే ముద్ర పడిపోద్దేమో అనిపించింది."

సెక్రటరమ్మ కూడా ఆ మూల వంక వంగి చూసింది.

"ఇది నాకు కావాలండీ," అని ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. అప్పుడే చీటీ మీదికి చూపు పోయింది. చెయ్యి అలాగే బయటికి వచ్చింది. "అయ్యో. అయిపోయిందా? పోన్లెండి, ఎవరో చూపున్నవాళ్లకే దక్కింది."

చుక్క మీద గోరు పెట్టి లాగేస్తే చాలు. సెక్రటరమ్మ చెయ్యి చీటీ దాకా వెళ్లింది కూడా. సరిగ్గా అప్పుడే మెట్ల మీద బావ గొంతు వినిపించింది: "మెల్లగా ఎక్కవే, చుక్క ఎక్కడికీ పోదు." చెయ్యి దించేసుకుంది. ఆవిడ గుమ్మంలో బావకూ అక్కకూ దారిచ్చి, తలొంచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. పేరు లేదు, ఊసు లేదు.

బొమ్మను దుకాణంలో అట్టపెట్టెల వెనక దాచాక సెక్రటరమ్మకు నిద్ర సరిగ్గా పట్టలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. దుకాణంలో రెండు చూపుల కళ్లజోడుతో ఎవరు లోపలికొచ్చినా లేచి నిలబడేది. ఆవిణ్ణి పట్టుకోవాలంటే ఉన్న దారల్లా పత్రికే. పత్రికలో నిజం రాస్తే బావకు దక్కినవన్నీ పోతాయి, చిన్న గదితో సహా. రాయకపోతే, ఆ బొమ్మను నిజంగా కోరుకున్న ఒకే ఒక్క మనిషిని తనే తరిమేసినట్టు. బావ ఏమో ఆ వారంలోనే రెండు కొత్త బొమ్మలు మొదలుపెట్టాడు. అక్క హాయిగా తన వరసలో గిన్నెలు తోముకుంటోంది.

పత్రిక ప్రూఫు చదివేది బావే. తప్పు కనపడితే ఊరుకోలేని మనిషి. ఆ సాయంత్రం చిన్న గదిలో, ఈజిళ్ల మధ్య కుర్చీ వేసుకుని, ఎప్పటిలా పైకి చదవడం మొదలుపెట్టాడు. నీటిరంగుల తరగతి చదివాడు. గొడుగు చదివి, "ఇంకా తీసుకెళ్లలేదా మహానుభావుడు?" అన్నాడు. మూడో పేజీలో తన ప్రదర్శన దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. 'రాబోయే ప్రదర్శన: చిన్న గదిలో డిపో బావగారి చిత్రాలు.' ఒకసారి చదివి, తప్పులేమైనా ఉన్నాయేమోనని మళ్లీ చదివాడు. తప్పులేం లేవు.

సెక్రటరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "బావా, దాని కిందిది నేను చదువుతాను," అని కాగితం లాక్కుంది.

"'సవరణ. వార్షిక ప్రదర్శనలో తొమ్మిదో నంబరు బొమ్మ అమ్ముడైనట్టు చూపడం జరిగింది. అది అమ్ముడు కాలేదు. ఎర్రచుక్కను సెక్రటరీ తనంతట తానే అంటించింది. ఆఖరిరోజు ఆ బొమ్మను కోరి, నిరాశతో వెళ్లిన మహిళ దయచేసి సంఘానికి రాగలరు.'"

చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లజోళ్లమ్మే మనిషికి కూడా.

బావ చూపుడు వేలి గోరు చూసుకుంటూ కూర్చున్నాడు.

"డిపోలో," అన్నాడు చివరికి, "బ్రేకు సరిగా పట్టని బస్సుకి సరే అని సంతకం పెట్టమని నన్ను అడిగే ధైర్యం ఎవడికీ లేకపోయింది. నువ్వేమో నాకు చెప్పకుండానే నా బొమ్మకి పెట్టేశావు."

"తప్పయిపోయింది బావా."

"మీ అక్కకి తెలుసా?"

"తెలీదు."

"షాపులో అందరికీ టీ ఇప్పించాను కదే," అన్నాడు. అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు. సెక్రటరమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, మెట్ల లైటు కూడా వేసుకోకుండా దిగడం మొదలుపెట్టాడు. అడుగులు సగం దాకా దిగి ఆగిపోయాయి. ఆగి, మళ్లీ పైకి వచ్చాయి.

"ఎవరో కోరుకున్నారని రాశావు. అది కూడా నువ్వు అంటించిందేనా?"

"కాదు బావా, ఒట్టు. నిజంగానే వచ్చింది. మీరు మెట్లెక్కుతుంటే దారిచ్చింది చూడండి, గుడ్డ సంచితో, ఆవిడే."

"ఆవిడా? ఎంతసేపు చూసింది?"

"మిగతావాళ్లవి నడుస్తూ చూసింది. మీ దాని ముందు నిలబడిపోయింది."

"కళ్లజోడు పెట్టుకునే చూసిందా?"

"తీసి దగ్గర్నించీ, పెట్టుకుని దూరం నించీ. దృష్టి బాగానే ఉంది. ఫ్రేమే వదులు."

"ఏమైనా అందా?"

"ఇంకా తడి ఆరలేదంది. ముందుకి అడుగెయ్యబోయి కాలు వెనక్కి తీసుకుంది, ముద్ర పడుద్దేమోనని."

బావ కుర్చీలో కూలబడ్డాడు. "ఏదీ, ఎలా తీసుకుంది?"

సెక్రటరమ్మ లేచి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, అడుగు వేయబోయి చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది. బావ నేల వంక చూశాడు. మళ్లీ చెయ్యమన్నాడు. మళ్లీ చేసింది. ఈ వయసులో బావ ముందు ఈ ఆటేంటని ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆయన జేబులోంచి కలం తీసి ప్రూఫు ముందుకు లాక్కున్నాడు. మూడో పేజీలో తన ప్రదర్శన మీద అడ్డంగా గీత కొట్టాడు. "చుక్క లేనివాడికి గదేంటి? రూలంటే రూలే," అన్నాడు. సవరణ దగ్గరికి వచ్చి, 'ఆ బొమ్మను కోరి, నిరాశతో వెళ్లిన మహిళ' కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో 'ఆ బొమ్మలో నేల మీద తడిని చూసినావిడ' అని రాశాడు.

"ఈసారి కాపీలు కాస్త ఎక్కువ వేయించు. డిపోలో నేను పెడతాను. ఎలాగూ రేపు పొద్దున్నే అటే వెళ్లాలి, ఎండ రాకముందే. గోడ అవతల ఇంకో పక్క ఉంది, ఎప్పుడూ వెయ్యలేదు."

"అలాగే బావా."

ఆయన నాలుగో పేజీ తిప్పి చదవబోయి, తల ఎత్తాడు.

"అమ్మాయ్, మరక అనలేదుగా?"

"అనలేదు బావా. తడి అనే అంది."