పోక రాక

“పాడితే పాడుకో గానీ పప్పు బద్దలు కానీయొద్దు. బద్దలైంది మొలవదు,” అంది తిప్పమ్మ, అరుగు మీద కాళ్ళు చాపుకుని వక్క నములుతూ.

కోడలు మారెక్క తల ఎత్తలేదు. తొలివాన పడేలోగా ముందున్న శనక్కాయల కుప్పంతా ఒలిచి విత్తనం సిద్ధం చెయ్యాలి. బొటనవేలితో నొక్కి, కాయ పగిలిన చప్పుడు కాగానే గింజ మీద గోరు పడకుండా విప్పాలి. రోజంతా అదే పని చేస్తే వేలికొసల తోలు లేచిపోతుంది. సాయంత్రం చారుకు చింతపండు పిసికేటప్పుడు ఆ మంట కళ్ళదాకా వస్తుంది. అయినా దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనరు. ఒకసారి ఆమె వేళ్ళు ఊదుకుంటుంటే “నీడన కూసోని చేసేదానికి కూడా అలుపేనా?” అన్నాడు మొగుడు ఓబుళేసు. కోపంగా కాదు, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకు తిరిగి ఏమనాలో పెళ్ళయిన ఇన్నేళ్ళలోనూ ఆమెకు తెలిసిరాలేదు. అందుకని పాడుకునేది.

గొలుసేసి కొలిసిరే చేనెల్ల దొరలు
ఆ కొస పట్టెనే అద్దాల దొర
ఈ కొస పట్టినోడెవరే అక్కా...

అక్కా అని సాగదీసి ఆగేది. ఇంకో గుప్పెడు కాయలు ఒలిచేదాకా నోరు విప్పేది కాదు. తర్వాత మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది.

బెంగళూరులో చదువుకునే మరిది గంగాధర ఆ ఎండాకాలం సెలవులకు గిటారు తెచ్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు దానికి సొరకాయ వీణ అని పేరు పెట్టారు. తిప్పమ్మ మాత్రం కోళ్ళు పొడుస్తాయేమోనని దాని మీద దుప్పటి కప్పి, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేది. గంగాధర వచ్చి వదిన ముందు గొంతుక్కూర్చున్నాడు.

“వదినా, యాడిది ఈ పాట?”

“కలుపు పాటప్పా. మా అమ్మోళ్ళ పక్కది. ఈ పక్కది కూడా అనుకో.”

“గొలుసేంది, దొరేంది?”

చెప్పింది. కుంఫిణీ కాలంలో దొర ఒకడు మూడు కాళ్ళ మీద అద్దం నిలబెట్టుకుని వచ్చినాడంట. ఇంతవరకు కుంఫిణీది, అంతకు మించి మైసూరు రాజుది అని గొలుసు పట్టి కొలిచి రాళ్ళు పాతించినాడంట. ఆ పొద్దు ఆడవాళ్ళంతా ఒకే చేలో కలుపు తీస్తా ఉన్నారంట. తలెత్తి చూసేసరికి సగంమంది ఆ పక్క, సగంమంది ఈ పక్క. ఒక్క మనిషి గొలుసు పట్టలేడు కదా, ఆ కొస దొర పట్టుకుంటే ఈ కొస పట్టుకున్నోడు ఎవడు అని పాట.

“అబ్బా,” అన్నాడు గంగాధర. “మరి అక్కా అని నిలిపేస్తావే, ఎందుకు?”

మారెక్క అత్త వైపు చూసింది. “ఊపిరి తీసుకోవాల కదప్పా,” అంది.

ఊపిరి కోసం కాదు. ఆ సందు ఆమెది కాదు, ఆ పక్కవాళ్ళది. ఈ పక్క చేలో ఆడవాళ్ళు అడిగితే, ఇప్పుడు రెండు రాష్ట్రాల సరిహద్దైన ఆ రాళ్ళకు ఆవల కలుపు తీసేవాళ్ళు జవాబు పాడాలి. జవాబు ఏ రోజుదా రోజే. ఒకనాడు ఊరిపెద్ద గౌడు పట్టినాడనేవాళ్ళు, ఇంకోనాడు కరణం పట్టినాడనేవాళ్ళు, లేదంటే అడిగినామె మొగుణ్ణే పేరు పెట్టి పాడి నడుములు పట్టుకుని నవ్వేవాళ్ళు. మారెక్క ఆ పక్క పుట్టింది. పావడా కట్టిన వయసులో జవాబులు పాడింది. ఈ పక్కకు కోడలై వచ్చాక అడగడం నేర్చుకుంది. కొత్తలో ఆమె మొదటిసారి అడిగిన పొద్దు, అవతల నుంచి అమ్మ లక్ష్మక్క గొంతే వచ్చింది, నీ ఓబుళేసే పట్టెనే అని. చేను చేనంతా నవ్వింది. గుంటక తోలుతున్న ఓబుళేసు కూడా తలపాగా సర్దుకుంటూ నవ్వాడు. పుట్టింటికి పోవడం పండక్కో పబ్బానికో. ఆ పాట ఉన్నన్నాళ్ళూ మాత్రం ఆమె రోజూ పోయి వస్తున్నట్టే ఉండేది.

తర్వాత మారెక్క తమ్ముడి పెళ్ళయింది. ఆ పెళ్ళిలో మొదటి పంక్తిలో ఓబుళేసుకు ఆకు వేయలేదు. మరిచిపోయారో, జనంలో ఎవరో తోసుకుని కూర్చున్నారో. “అల్లునికి ఆకు లేని ఇంట్లో నాకేం పని?” అని లేచాడు. “నీకూ లేదు” అన్నాడు పెళ్ళాంతో. మామ దారిదాకా వెంటబడి బతిమాలినా వినలేదు. మారెక్క అప్పటికింకా పెళ్ళికూతురి మొహమైనా సరిగ్గా చూడలేదు. తలొంచుకుని కూర్చున్న ఒక నెత్తిని, దాని మీది పూలను చూసింది, అంతే. ఆనాటి నుంచి ఆమెను సరిహద్దు చేనికి పంపడం మానేశారు. “ఆ కయ్యలో నువ్వొద్దు. నీ గొంతు ఆ పక్కకు పోతాది, మళ్ళ వాళ్ళు మేమే గెలిస్తిమి అనుకుంటారు,” అంది తిప్పమ్మ. గొంతు పోవడానికి కూడా మొగుడి పరువు అడ్డమొచ్చింది. పడమటి గాలి తిరిగిన సాయంత్రాలు, పేడకళ్ళు ఎత్తిపోసి దిబ్బ మీద నిలబడితే అమ్మవాళ్ళ ఊరి పొగ కనిపించేది. ఏ పొగ ఎవరి పొయ్యిదో ఆమె ఊహించుకునేది. ఇది మా వంటింటిది, ఇప్పుడే ఎసరు పెట్టింటారు, పొయ్యి ముందు కూర్చునేది ఇప్పుడు ఆ కొత్త పిల్లే అయ్యుంటుంది, పొగ ఎక్కువైంది, దానికి ఊదడం ఇంకా చేతకాలేదు. ఇంతలో వెనక నుంచి “యాడ సచ్చినావే, గొడ్లు నీళ్ళు లేక అరుస్తాండాయి” అని వినబడేది.

వానలు పడ్డాయి, విత్తనం వేశారు, పైరు కలుపుకు వచ్చింది. అప్పుడు గంగాధర టేప్‌రికార్డరు పట్టుకుని మళ్ళీ దిగాడు. తానూ స్నేహితులూ కలిసి పాట కట్టారట, కాలేజీలో ఒకటే ఈలలట. ఓబుళేసు పది ఇళ్ళవాళ్ళను పిలిచాడు. పిలవడం ఆయన పని, బొరుగుల ఉగ్గాని కలిపి బజ్జీలు వేయడం మారెక్క పని.

“దీన్ని ఫోక్ రాక్ అంటారమ్మా,” అన్నాడు గంగాధర మీట నొక్కుతూ.

“పోక రాకా?” అంది తిప్పమ్మ. “యాడికి పోక, యాన్నుంచి రాక?”

అంతా నవ్వారు. వంటింట్లో మారెక్క చేతిలో చిల్లుల గరిటె ఆగింది. పోక, రాక. మగవాళ్ళ నవ్వులో అది తమాషా మాటే, అత్త దాన్ని ఊరికే నోరు తిరగక అంది. ఆమెకు మాత్రం ఆ రెండు మాటలూ లేకుండా ఎన్ని పంటకార్లు గడిచాయో గుర్తుకొచ్చి, నూనెలోని బజ్జీ నల్లబడింది.

టేపులో ముందు గంగాధర గొంతు, ఇది మా ఊరి పాట అని. తర్వాత డప్పులాంటిది ఏదో, గిటారు, నలుగురు కుర్రాళ్ళ గొంతులు. గొలుసేసి కొలిసిరే. పాట బాగుంది. గరిటె పట్టుకునే ఆమె గుమ్మందాకా వచ్చింది. ఈ కొస పట్టినోడెవరే అక్కా అని వాళ్ళు సాగదీసేసరికి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. ఆ సందులోకి గిటారు దూకింది. ఇల్లు అదిరేలా, రోలు దొర్లించినట్టు, పళ్ళు పులిసినట్టు వాయించి వాయించి మళ్ళీ మొదటికి వచ్చింది. బయట చప్పట్లు. ఇన్నాళ్ళూ ఒక్కతే కాయలు ఒలుచుకుంటూ పాడినా ఆ సందును ఖాళీగానే ఉంచింది. ఖాళీగా ఉంటే ఎప్పుడైనా ఎవరైనా రావచ్చు. ఇప్పుడందులో మనిషి కూర్చోవడానికి చోటు లేదు.

“మా ఇంటి పాట,” అంటున్నాడు ఓబుళేసు వచ్చినవాళ్ళతో. “మా తాతల నుంచి ఉండాది.”

అందరూ పోయి, ఎంగిలాకులు ఎత్తేశాక మారెక్క గంగాధరను అడిగింది. “అక్కా అన్నంక నీ వాయింపు తీసేస్తావా అబ్బోడా?”

“అయ్యో వదినా, అదే పాటకు పానం. ఆడికొచ్చేసరికే అందరూ లేసి ఎగిరేది.”

“అది జవాబు వచ్చే తావు. నేను నీకు అబద్ధం చెప్పినా, ఊపిరి కోసమని.”

గంగాధర మొహం వెలిగింది. “జవాబుండాదా? చెప్పు, అదీ పెట్టేస్తాం.”

“నేను చెప్పేది కాదు. ఆ పక్క నుంచి రావాల.”

“ఏమప్పా, పాటకు కూడా రెండు రాష్ట్రాలా?” అని నవ్వాడు ఓబుళేసు, మంచం మీద నడుం వాలుస్తూ. “అక్కర్లే పో. ఉండేది బాగనే ఉండాది.”

మారెక్క పెరట్లోకి పోయింది. ఉండేది బాగానే ఉన్నట్టు ఆయనకు ఎట్లా తెలుస్తుందో ఆలోచించుకుంటూ గిన్నెలు తోముకుంది. ఆయన పోవాలంటే ఏ ఊరికైనా పోతాడు. ఆయన అమ్మ అరుగు మీదే ఉంది. ఆయనకు ఏ పాట అయినా నిండుగానే వినబడుతుంది.

మరునాడు పొద్దున తిప్పమ్మ ఎప్పటిలాగే “బాయికాడి చేనికి పో” అంది. మారెక్క తల ఊపి, కలుపుకొడవలి తీసుకుని, సరిహద్దు చేనికి నడిచింది. అక్కడ సాళ్ళలో గుంటక తోలుతున్న ఓబుళేసు ఎడ్లను నిలిపాడు.

“ఈడికెందుకొచ్చినావు?”

“ఈడా కలుపుండాది కదా,” అని చేనుకు అడ్డంపడి రాళ్ళ వరసదాకా పోయింది.

అవతల ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. వీపులూ చీరల రంగులూ తప్ప మనిషి ఆనవాలు తెలియడం లేదు. ఒకప్పుడు నడుము వంపు చూసి ఎవరో చెప్పగలిగేది. మారెక్క పాట ఎత్తుకుంది. గొంతు మొదట బొంగురుపోయింది, రెండో చరణానికి దారిలో పడింది. ఈ కొస పట్టినోడెవరే అక్కా అని ఆపింది.

వాళ్ళు నిలబడ్డారు. కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని ఇటు చూశారు. ఏమీ రాలేదు. గాలి, ఎడ్ల మెడగంటలు, అంతే.

“ఏమే, నలుగురూ చూస్తాండారు,” అన్నాడు ఓబుళేసు వెనక నుంచి. “ఊరుకో ఇంక.”

మళ్ళీ పాడింది. మళ్ళీ అక్కా అని ఆపి నిలుచుంది. అమ్మ అక్కడ ఉందో లేదో, ఉంటే ఇంకా కలుపుకు వంగగలుగుతుందో లేదో, తనను అందరూ మరిచిపోయారో ఏమో. ఆ కొంచెంసేపట్లో ఆమె మనసు పోని చోటు లేదు. అప్పుడు వచ్చింది. అమ్మ గొంతు కాదు. పడుచు గొంతు, ఎన్నడూ విననిది.

దొర పాయె, గొలుసు పాయె, కొలతలూ పాయె
ఈ కొస ఇంకా ఇడ్సనోడెవరే వదినా...

వదినా. ఆ పాటలో ఎప్పుడూ అక్కా అనే ఉంటుంది. ఆ పక్క ఆమెను వదినా అని పిలవగలిగే మనిషి ఒక్కతే. తలొంచుకుని కూర్చున్న ఆ పూల నెత్తి, తను ‘తిన్నావా’ అని కూడా అడగకుండా వచ్చేసిన ఆ పిల్ల. ఎవరో దానికి పాట నేర్పారు. ఇది ఎవరి గొంతో కూడా చెప్పారు. ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుని పెట్టుకుందో.

ఓబుళేసు విన్నాడు. మాటలు స్పష్టంగానే వినబడ్డాయి. అవతలికి చూశాడు, ఆమె వైపు చూశాడు, చేతిలోని పగ్గాన్ని చూసుకున్నాడు. చివరికి దొరికిన మాట అన్నాడు.

“మరి మధ్యాన్నం కూడు?”

“కుండలో సంగటి ఉండాది. అత్తకు పెట్టి నువ్వూ పెట్టుకో,” అని మారెక్క కొడవలి గట్టు మీద పెట్టి, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, రాయి దాటింది.