శనివారం నమూనా

"ముందు స్నానం, తర్వాతే వంటిల్లు" అని మా అత్తగారు నన్ను గుమ్మంలోనే ఆపుతారు. తొమ్మిదేళ్ళుగా ఇదే మాట. నేను ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో నీటి పరీక్షలు చేస్తాను. స్నానం చేసొచ్చి ఆవిడ కంచం, మా ఆయన కంచం, పొద్దుటి గిన్నెలు తోముతాను. ఆ మురికి మాత్రం ఎవరికీ కంపు కొట్టదు.

కేంద్రంలో అసలు పని కంటికి కనబడని క్రిములది. పెద్ద తొట్టెలో గాలి ఊదుతుంటే అవి ఊరి మురికిని తింటాయి. తేరిన నీళ్ళను ఏట్లోకి వదులుతాం. దిగువ ఊళ్ళవాళ్ళు ఆ ఏటి నీళ్ళే తాగుతారు. ఇదంతా చెప్పబోతే "అన్నం దగ్గర ఆ గొడవెందుకే" అనేవాడు మా ఆయన. ఒకరోజు మాత్రం తనే అడిగాడు. "శనివారం మధ్యాహ్నం మీవాళ్ళు నమూనాలు తీస్తారా?" నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న. పొంగిపోయాను. తియ్యరని, సోమవారం దాకా ఎవరూ చూడరని చెప్పి, ఇంకాస్త కూర వడ్డించాను.

రెండు వారాల తర్వాత, సోమవారం వెళ్ళి మైక్రోస్కోపులో చూసేసరికి తొట్టెలో క్రిములు చచ్చి ఉన్నాయి. శుద్ధి కాని నీళ్ళు ఏట్లో కలిశాయి. దిగువన చేపలు తేలాయి.

"చూసుకోవద్దటమ్మా? సంజాయిషీ రాసివ్వు" అన్నాడు ఇంజనీరు.

రాయలేదు. లిట్మస్ కాగితాలు పట్టుకుని, మ్యాన్‌హోల్ మూతలు ఒక్కొక్కటే తెరిపిస్తూ ఊళ్ళోకి నడిచాను. కాగితం ఎర్రబడ్డ వైపే తిరిగాను. ఆఖరి మూత మా ఆయన షెడ్డు వెనక ఉంది. కుళాయిలకు మెరుపు పూత వేసే షెడ్డు.

ఇంటికెళ్ళి అడిగాను.

"అవును, ఆసిడ్ తొట్టె కడిగి వదిలాను. మురుగులో మురుగు, ఏం కొంప మునిగింది?" అన్నాడు. "నీదే పొరపాటని రాసిచ్చెయ్. ఉద్యోగం పోతే పోయింది, ఇంటిపట్టున పడి ఉంటావు."

"నా కొడుకు పరువు కంటే నీ మురుక్కాలవ ఎక్కువా?" అన్నారు అత్తగారు.

నాకు ఏడుపు రాలేదు. మురిసిపోతూ నేను చెప్పిన మాటతోనే నా తొట్టెను చంపాడు. నా మురిపెం తల్చుకుంటే ఒళ్ళు మండింది.

"సరేనండీ, రాసిస్తాను" అన్నాను. మజ్జిగ పోస్తూ ఇంకో మాట కలిపాను. "ఈ శనివారం కూడా ఎవరూ ఉండరు."

మర్నాడు ఇంజనీరుకి అంతా చెప్పాను. "మీ ఆయనేనా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాను.

శనివారం మధ్యాహ్నం షెడ్డు కింది గొట్టానికి అడ్డు బిగించి, వచ్చేదంతా ట్యాంకరులోకి తోడే ఏర్పాటు చేశాం. ఈసారి చుక్క కూడా తొట్టెదాకా పోదు. మూడున్నరకు పచ్చటి నీళ్ళు దూకాయి. నేనే వంగి సీసాల్లో పట్టాను.

చప్పుడు విని మా ఆయన బయటికొచ్చాడు.

"నువ్వా! పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ముందు సీసా సీలు మీద సంతకం పెట్టండి."

ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు పెన్ను అందించాడు. పెట్టాడు.

నమూనా రెండు సీసాల్లో పట్టాలని మా నిబంధన. ఒకటి పరీక్షకు, ఇంకొకటి యజమానికి. ఆయన సీసా ఆయన చేతిలో పెట్టి, మూత బిగిసిందో లేదో చూశాను.

"ఇది మీ వాటా. ఇంటికి తీసుకెళ్ళండి. నేను రావడం లేదు."