ముడి లేని కుట్టు

బద్వేలు బయట బీడు భూమిలో దిగిన విమానానికి తుమ్మకంప గీసుకుని రెక్కకు కప్పిన గుడ్డ జానెడు చిరిగింది. కుట్టడానికి దర్జీ రసూల్ సాహెబును పిలిపించారు. విమానం విల్మాట్ దొరది. ఇంగ్లండులో కొత్తగా చేసిన విమానాలను అందరికంటే ముందు తానే ఎక్కి చూడ్డం ఆయన ఉద్యోగం. ప్రాణాలతో దిగితే విమానం మంచిదన్నట్టు, లేకపోతే కాదన్నట్టు! మన ఎండకు దీని ఇంజను తట్టుకుంటుందో లేదో చూద్దామని ఇంత దూరం వచ్చాడు.

రసూల్ సాహెబు దారం కొసన ముడి వేయబోతే దొర చెయ్యి పట్టుకున్నాడు. దొర మాటను ఆయన వంటమనిషి ఏసేపు తెలుగులో చెప్పాడు.

"ముడి వద్దంటాండాడు సాయిబూ. గాలికి అడ్డమంట."

సాయిబు సూది ఆపేశాడు. వాళ్లింట్లో ముడి లేకుండా కుట్టేది శవానికి చుట్టే కఫన్ గుడ్డ ఒక్కదాన్నే. బతికినోళ్లకు ముడి, పోయినోళ్లకు లేదు అని సూది చేతికిచ్చిన రోజే తండ్రి చెప్పాడు. అయినా దొరకు ఎదురు చెప్పేదెవరు? అల్లాను తలుచుకుని కుట్టేశాడు.

అసలు పిడుగు అప్పుడు పడింది. బాగుచేసినవాడే మొదట తనతో ఎక్కాలట, అదీ దొర పద్ధతి.

"నేను రాను ఏసేపప్పా! పిల్లలు గలోన్ని!"

"నీ కుట్టు మీద నీకే నమ్మకం లేదా అని నగుతాండాడు."

సాయిబు తన చొక్కా అంచున గబగబా నాలుగు కుట్లు వేసి ముడి బిగించాడు. బతికినవాడి ముడి ఒంటిమీద ఉంటే చాలనుకున్నాడు. దొర తన కోటుకు వేలాడుతున్న బొత్తాం చూపించి, అదీ కుట్టమన్నాడు. సూదిలో దారం ఇంకా ఉంది. కానీ ఆ ముడి ఇంకొకరికీ వేస్తే తన ముడికి బలం తగ్గుతుందేమోనని భయపడ్డాడు; ఎవరి ప్రాణం వారికి తీపి.

"దిగినాక కుడతా దొరా" అని వెనక సీటెక్కేశాడు.

పైన ఉన్నంతసేపూ దొర వేలెత్తి పెన్న ఇసుకనూ ఒంటిమిట్ట గోపురాన్నీ చూపిస్తూనే ఉన్నాడు. తిరిగి బీడు కనబడేసరికి ఇంజను మోత ఆగింది. విమానం మాత్రం ఎవరో చేతులతో దించినట్టు మెత్తగా నేలకు ఆనింది.

ఏసేపు పరుగున వచ్చి దొర చెయ్యి పట్టుకుని, చటుక్కున వదిలేశాడు.

"ఒళ్లు కొయ్యబారిండాది సాయిబూ. ఈయప్ప పోయి శానా సేపయింది. మరి దించిందెవరు?"

"ఇప్పుడే గదప్పా గోపురం చూపించినాడు!"

సమాధి చేసేముందు కోటు బొత్తాం కుట్టమని మళ్లీ సాయిబునే పిలిచారు. ఈసారి ముడి వేశాడు. జారిపోయింది. రెండు పేటలు మెలిపెట్టి వేశాడు. అదీ జారిపోయింది. పళ్లతో బిగించినా నిలవలేదు.

"మాఫ్ చెయ్యి దొరా, ఒక్క ముడి వేయకపోతిని" అని ఏడుస్తూనే తన చొక్కా అంచు తడుముకున్నాడు. అక్కడి ముడి మాత్రం గట్టిగానే ఉంది.