కచ్చకాయలాడిన అమ్మవారు

దుర్గమ్మ గొంతెత్తితే నాచారంలో వాళ్ళ గల్లీ కుక్కలు కూడా తోక ముడుస్తాయి. అలాంటి మనిషిని ఒక ఫోను ఓడించింది. అదీ తన ఫోనే. సీరియళ్ళు చూసుకోమని కొడుకు ఇస్తే, మనవరాలు స్నిగ్ధ లాగేసుకుంది.

పిల్ల రెండో తరగతి. వేలితో తెరను తోయడంలో దిట్ట. పెన్సిల్ పడితే మాత్రం అక్షరాలు గీత దాటి పారిపోతాయి. వేళ్ళలో బలమే లేదట. దసరా సెలవుల్లోపు చెయ్యి కుదరకపోతే మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతామని టీచరమ్మ చెప్పేసింది. చంటిదానికి ఫోను చూపించి గోరుముద్దలు పెట్టిందెవరని కోడలు సంతోషి అడగలేదు. ఊరికే అత్త వైపు చూసింది. ఆ చూపుకి దుర్గమ్మకు ముద్ద దిగలేదు.

బతిమాలింది, బెదిరించింది, చివరికి బియ్యం డబ్బాలో దాచింది. పిల్ల అక్కడా కనిపెట్టింది. ఇక లాభం లేదని, బోనాల ఆదివారం పొద్దున కొడుకూ కోడలూ సరుకులకు ఉప్పల్ వెళ్ళగానే, జుట్టు విరబోసుకుని, మొహాన ఇంత పసుపు పూసుకుని, వేపమండలు పట్టుకుని, అమ్మవారు పూనినట్టు శిగం ఊగడం మొదలుపెట్టింది. అసలు అమ్మవారు ఏమనుకుంటుందోనని ముందే లెంపలు వేసుకుంది లెండి.

"బిడ్డా, నాకు మస్తు కోపంగున్నది. ఆ ఫోను నా కాళ్ళకాడ పెట్టు."

స్నిగ్ధ నోరు తెరుచుకుని చూసింది. బుద్ధిగా ఫోను తెచ్చి పెట్టి, దానికి బొట్టు పెట్టి, దాని మీద చెంబుడు పసుపునీళ్ళు పొయ్యబోయింది. అమ్మవారు ఊగడం ఆపి గభాల్న ఫోను లాక్కుంది.

"మరి నేనేం జెయ్యాలె?" అంది పిల్ల.

అంతదూరం ఆలోచించలేదు దుర్గమ్మ. కచ్చకాయలాడమంది, నోటికొచ్చింది కదా అని. ఎవరితో ఆడాలని పిల్ల అడిగితే, నాతోనే అనక తప్పలేదు. పక్కింటి కట్టుబడికి పోసిన కంకరలోంచి రాళ్ళు ఏరుకొచ్చారు. కింద కూర్చుంటూ అమ్మవారు "అయ్యో నా మోకాళ్ళు" అని మూలిగింది.

ఆనాటి నుంచి బడి వదలగానే పిల్లే వేపమండ తెచ్చి చేతికిచ్చేది. రోజూ ఊగి ఊగి దుర్గమ్మకు మెడ పట్టేసింది. సీరియల్లో పెళ్ళి ఎవరితో జరిగిందో కూడా తెలియకుండా పోయింది. పక్కింటి దీప కొబ్బరికాయతో వచ్చి, తన కొడుకు ఫోను కూడా మాన్పించమని మొక్కింది. రాళ్ళు ఎగరేసి, ఏరి, పట్టి స్నిగ్ధ వేళ్ళు మాత్రం గట్టిపడ్డాయి.

దసరా ముందు అక్షరాలు గీత మీద కుదురుగా కూర్చున్నాయి. ఒకటో తరగతి గండం గడిచింది. ఆ సాయంత్రం సంతోషి టీ మొదట అత్తకే ఇచ్చింది. దుర్గమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుని, అమ్మవారు వెళ్ళిపోయిందనీ ఇక రాదనీ మనవరాలికి చెప్పింది.

పిల్ల రాళ్ళ మీంచి తల ఎత్తలేదు. "నువ్వేనని నాకు అప్పుడే ఎర్కే నానమ్మా. అమ్మవారికి మోకాళ్ళు నొస్తయా?"

"మరి గిన్ని దినాలు నన్నెందుకు ఊగనిచ్చినవే?"

"నువ్వైతే ఫోన్ల సీరియల్ సూస్కుంట కూసుంటవ్. అమ్మవారైతే నాతోని ఆడుతది."

దుర్గమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని పిల్ల ఎదురుగా కూలబడింది. ఈసారి జుట్టు ముడి మాత్రం విప్పలేదు, వేపమండా పట్టుకోలేదు.